చేతులెత్తే లెక్క

"తాతయ్యా, మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా?" అని అడిగింది మా మనవరాలు. ఎనిమిదో తరగతి. సోషల్ పుస్తకంలో స్థానిక సంస్థల పాఠం చదువుకుంటోంది.

చట్టం ఏమంటోందో చూద్దాం రా అమ్మలూ, అన్నాను. మన విశాఖపట్నానికైనా, విజయవాడకైనా, హైదరాబాదుకైనా తల్లి చట్టం ఒకటే. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. 1979లో విశాఖ, 1981లో విజయవాడ కార్పొరేషన్లయినప్పుడు ఆ చట్టాన్నే తెచ్చి వీటికీ వర్తింపజేశారు. ఇప్పుడు ఆంధ్రాలో దానికో పేరు, తెలంగాణలో ఇంకో పేరు. సరే, నగరాన్ని నడిపే బాధ్యత ఎవరెవరిదో ఆ చట్టం మొదట్లోనే చెప్పేస్తుంది: కార్పొరేషన్, అంటే మనం కౌన్సిల్ అనుకునేది, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. ఆ తర్వాతెప్పుడో వార్డు కమిటీల్ని చేర్చారు. ఇందులో మేయర్ ఏదీ?

లేదు! నిజంగానే లేదు. మేయర్ కౌన్సిల్‌కి అధ్యక్షత వహిస్తారు, స్టాండింగ్ కమిటీకీ అధ్యక్షత వహిస్తారు, ఊరికి ప్రథమ పౌరుడు అనిపించుకుంటారు. పని చేయించేదీ, సంతకం పెట్టేదీ, సిబ్బందిని నడిపేదీ కమిషనర్. పెళ్ళింట్లో శుభలేఖ మీద పెదనాన్న పేరుంటుంది, బీరువా తాళాలు బాబాయి బొడ్లో ఉంటాయి. అలాగన్నమాట. పెదనాన్న ఊఁ అనకపోతే పెళ్ళి కదలదు, బాబాయి బీరువా తియ్యకపోతే పందిరి లేవదు.

"ఇలా ఎవరు పెట్టారు?" అంది.

ఇంగ్లీషువాళ్ళే. ముందు సంగతి పన్నుల దగ్గర మొదలైంది. 1687లో రెండో జేమ్స్ రాజు ఇచ్చిన సన్నదుతో ఆ మరుసటేడు మద్రాసులో కార్పొరేషన్ ఏర్పడింది. ఒక మేయర్, 12 మంది ఆల్డర్మెన్. ప్రజల మీద ప్రేమతో పెట్టారనుకునేవు! కుంఫిణీ వాళ్ళు నేరుగా పన్నంటే జనం ఎదురు తిరుగుతున్నారు. ఊరి పెద్దమనుషుల్నే కూర్చోబెట్టి వాళ్ళ నోటితోనే పన్ను వేయిస్తే కాస్త నోరు మూసుకుని కడతారని ఎత్తు వేశారు. ఆ ఎత్తు మద్రాసులో అంతగా పారలేదు గాని, కౌన్సిల్ అనే మొక్క మాత్రం మన నేలలో అక్కడే పడింది. మన పక్కనున్న భీమిలిలో 1861లోనే మునిసిపాలిటీ వచ్చింది. విశాఖకి 1865లో.

ఇక కమిషనర్ కథ బొంబాయిది. 1865లో అక్కడ ఆర్థర్ క్రాఫర్డ్ అనే ఆయన్ని మునిసిపల్ కమిషనర్ చేసి అధికారమంతా చేతిలో పెట్టారు. ఆయన రోడ్లు వేశాడు, మురుగు తీయించాడు, ఆయన పేరుతో ఇప్పటికీ చెప్పుకునే మార్కెట్టు కట్టించాడు. ఖర్చుకి మాత్రం కళ్ళెం లేదు. 1871కల్లా పన్నులు కట్టేవాళ్ళు గగ్గోలు పెట్టారు. అధికారి పీడ వదిలించుకుని, కమిటీ చేతికి పగ్గాలిద్దామన్నారు చాలామంది. అప్పుడు ఫిరోజ్‌షా మెహతా అనే కుర్ర బారిస్టరు, పాతికేళ్ళు దాటాయంతే, లేచి అడ్డం తిరిగాడు. పని చెయ్యడానికి ఒక్క మనిషే ఉండాలి, పదిమంది చేతిలో పెడితే ఎవడి బాధ్యతా ఉండదు. అయితే ఆ మనిషి లెక్క అడగడానికి జనం ఎన్నుకున్న సభ ఉండాలి, అని వాదించాడు. 1872 చట్టం, ఆ తర్వాత 1888 చట్టం ఆ దారిలోనే వచ్చాయి. మన కార్పొరేషన్లలో కనిపించే అచ్చు అదే. నూటయాభై ఏళ్ళయినా మన దగ్గర ఇంతవరకూ దాన్ని ఎవరూ పెద్దగా మార్చలేదు. మెహతా తెలివైనవాడే గాని, అడిగే సభకి నోరు ఎంత, చేతిలో డబ్బు ఎంత అన్నది మాత్రం ఆ అచ్చులోనే కాస్త నలిగిపోయింది.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. లెక్కల మాస్టారిని, అది నా పేట కదా.

మన జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో, 98 వార్డులు. వార్డుకో కార్పొరేటర్. వీళ్ళుకాక ఊరి ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు పదవి రీత్యా ఎక్స్ అఫీషియో సభ్యులు. వాళ్ళకీ ఓటుంది. చెప్పు, 98 మంది ఒక్కొక్కరూ మిగతా అందరితో ఒక్కొక్కసారి మాట్లాడుకోవాలంటే ఎన్ని మాటలవుతాయి?

కాగితం తీసింది. 98 ఇంటూ 97, బై రెండు. 4,753.

అంతే. అదీ ఒక్క అంశం మీద, ఒక్కొక్క విడత. అందుకే ఎంత పెద్దమనుషుల సభైనా అందరూ కూర్చుని నిజంగా ఆలోచించలేదు. అది ఎవరి తప్పూ కాదు, గుణకారం తప్పు. అందుకని పదిమందిని తీసి స్టాండింగ్ కమిటీ అంటారు. పది ఇంటూ తొమ్మిది బై రెండు ఎంత? నలభై ఐదు. ఒక మధ్యాహ్నంలో తేలే పని. పనుల ఖర్చు ఇన్ని లక్షల దాకా అయితే కమిషనరే మంజూరు చెయ్యొచ్చు, ఆపైన ఇంత వరకూ స్టాండింగ్ కమిటీ, ఇంకా పెద్దదైతే కౌన్సిల్, మరీ పెద్దదైతే ప్రభుత్వం. ఆ గీతలు జీవోలతో జరుగుతుంటాయి గాని వరస అదే. బడ్జెట్ కూడా కమిషనర్ తయారు చేస్తారు, స్టాండింగ్ కమిటీ చూస్తుంది, కౌన్సిల్ ఆమోదిస్తుంది.

ఆ పదిమందినీ కార్పొరేటర్లే తమలోంచి ఏడాదికోసారి ఎన్నుకుంటారు. ఇక్కడో తమాషా. 2021 ఎన్నికల్లో 98లో 58 వార్డులు ఒక పార్టీ గెలిచింది, మేయర్ పీఠం వాళ్ళదే అయింది. 2024 ఆగస్టులో స్టాండింగ్ కమిటీకి ఓటింగ్ జరిగితే పదికి పది స్థానాలూ ఎదుటి కూటమికి పోయాయి. మధ్యలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది కదా, ఊళ్ళో గాలీ మళ్ళింది. మేయర్ ఒక పక్షం, ఆమె అధ్యక్షతన కూర్చునే పదిమందీ ఇంకో పక్షం. అలా కొన్నాళ్ళు నడిచింది కూడా.

"మరి కౌన్సిల్లో ఏం చేస్తారు? టీవీలో అరుచుకుంటూంటారు కదా" అంది.

అరుపులు చూపిస్తారు, అజెండా చూపించరు. అసలు కథంతా అజెండాలో ఉంది. కౌన్సిల్ సమావేశానికి ముందు ప్రతి సభ్యుడికీ ఒక పుస్తకం వస్తుంది. పేజీకి ఒకటో రెండో అంశాలు. అంశం నంబరు, ఏ విభాగం, ఫలానా వార్డులో ఫలానా వీధిలో సీసీ డ్రెయిన్ నిర్మాణం, అంచనా విలువ ఇంత, టెండరు ఇంత శాతం తక్కువకో ఎక్కువకో వచ్చింది, చివర "కౌన్సిల్ వారి ఆమోదార్థం సమర్పించడమైనది". ఊపిరి తిప్పుకోకుండా ఒకే వాక్యం పేజీ నిండా సాగుతుంది, కామాలు కూడా పొదుపే. చాలావరకు ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, టౌన్ ప్లానింగ్, రెవెన్యూ విభాగాల నుంచి కమిషనర్ ద్వారా వచ్చినవే ఉంటాయి. సభ్యులు ఇచ్చిన ప్రతిపాదనలు వాటి మధ్య అక్కడక్కడా. పుస్తకం అచ్చయ్యాక చేరేవి సప్లిమెంటరీ అజెండా. సమావేశం రోజున బల్ల మీద పెట్టేవి టేబుల్ అజెండా. ఈ చివరిదాని మీదే గొడవలన్నీ. చదివే వ్యవధి ఇవ్వకుండా చెయ్యెత్తమంటే ఎవడికి మండదు?

ఈ అజెండా రాసేవాడి బలానికి మూలమైన చిక్కుని 1785లోనే ఒక ఫ్రెంచి గణితజ్ఞుడు పట్టుకున్నాడమ్మా. కాండోర్సే అని. ఇదిగో, మనూరి లెక్కలోనే చెబుతాను, రాసుకో.

డబ్బు ఒక్క పనికే ఉంది. గెడ్డకి, అంటే వాగుకి, గోడ కట్టాలా, రోడ్డు వెయ్యాలా, పార్కు చెయ్యాలా? సభలో మూడు సమానమైన జట్లు. గాజువాక జట్టుకి ముందు గెడ్డ, తర్వాత రోడ్డు, చివర పార్కు. వాన పడితే వాళ్ళిళ్ళల్లోకి నీళ్ళొస్తాయి మరి. మధురవాడ జట్టుకి ముందు రోడ్డు, తర్వాత పార్కు, చివర గెడ్డ. పాతనగరం జట్టుకి ముందు పార్కు, తర్వాత గెడ్డ, చివర రోడ్డు. ఇప్పుడు రెండేసి చొప్పున ఓటుకి పెట్టు. గెడ్డా రోడ్డా?

"గాజువాక గెడ్డ... పాతనగరం కూడా గెడ్డే. గెడ్డ గెలిచింది."

రోడ్డా పార్కా?

"గాజువాక, మధురవాడ రోడ్డంటాయి. రోడ్డు."

అంటే గెడ్డ రోడ్డు కన్నా మేలు, రోడ్డు పార్కు కన్నా మేలు. ఇక గెడ్డ పార్కు కన్నా మేలవ్వాలి కదా? చూడు.

చూసింది. మధురవాడా, పాతనగరం రెండూ పార్కే అంటున్నాయి. పెన్సిలు కింద పెట్టి మళ్ళీ మొదట్నుంచీ లెక్కేసింది. మళ్ళీ అంతే.

అదీ కాండోర్సే చిక్కు. ప్రతి జట్టుకీ బుర్ర సరిగ్గానే ఉంది, ప్రతివాళ్ళ కోరికలూ వరసలోనే ఉన్నాయి, అందరూ కలిస్తే మాత్రం గిరగిరా తిరుగుతోంది. ఇప్పుడు నువ్వు అజెండా రాసే దానివనుకో. మొదట గెడ్డకీ రోడ్డుకీ పోటీ పెట్టి, గెలిచినదానితో పార్కుని దింపు. పార్కు వస్తుంది. మొదట రోడ్డుకీ పార్కుకీ పెట్టి, తర్వాత గెడ్డని దింపు. గెడ్డ వస్తుంది. మొదట పార్కుకీ గెడ్డకీ పెట్టి, తర్వాత రోడ్డుని దింపు. రోడ్డు! ఏది ఆఖర్న వస్తే అదే గెలుస్తోంది. ఒక్క ఓటు మారలేదు, ఎవరూ లంచం తినలేదు, ఓటింగంతా సక్రమంగానే జరిగింది. ఫలితం మాత్రం అంశాల వరస రాసినవాడిది. 1951లో కెన్నెత్ ఆరో అనే ఆర్థికశాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి చిక్కు ఏదో ఒకటి లేకుండా కోరికలన్నిటినీ కలిపే పద్ధతి దొరకదని గణితంతో నిరూపించాడు. ఆయనకి 1972లో నోబెల్ వచ్చింది. పాపం కాండోర్సే ఫ్రెంచి విప్లవంలో పట్టుబడి 1794లో జైల్లోనే పోయాడు.

నిజంగా మన కౌన్సిల్లో ఇలా మూడు పనుల్ని జతలు కట్టి ఓటుకి పెట్టరులే. అక్కడ జరిగేది ఇంకా సులువు. ఒక్క ప్రతిపాదనే వస్తుంది. ఔనా, కాదా? 1978లో రోమర్, రోజెన్తాల్ అనే ఇద్దరు పరిశోధకులు దీని లెక్క తీశారు. నీ వార్డు గెడ్డకి ఆరు కోట్ల గోడ చాలని నీకు తెలుసనుకో. అజెండాలో పది కోట్లది వచ్చింది. కాదంటే ఆరు కోట్లది రాదు, ఏదీ రాదు. మళ్ళీ వానాకాలం వస్తుంది. చెయ్యెత్తుతావా లేదా? ఎత్తుతావు. పరిస్థితి ఎంత అధ్వానంగా ఉంటే, అంత ఖరీదైన దానికి కూడా సభ చేత ఊఁ అనిపించొచ్చు. సవరణ పెట్టి ఆరుకి తగ్గించమనే హక్కు సభ్యుడికి ఉంది, కాని దానికి ఆ ఎస్టిమేటు చదివి, ఎక్కడ కోత పెట్టాలో చెప్పగలిగుండాలి. కార్పొరేటర్ పక్కన ఇంజనీరు లేడు. ఇంజనీర్లందరూ కమిషనర్ కింద ఉన్నారు. మెహతా గారి అచ్చులో నలిగిందన్నానే, అది ఇది.

ఇక తీర్మానం అయింది. అయితే పని అయినట్టా? ఇంకెక్కడ! తీర్మానం ఫైలవుతుంది, కమిషనర్ అమలు చెయ్యాలి. అది చట్టానికి విరుద్ధమనో, ఊరికి నష్టమనో తోస్తే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపెయ్యగలదు, రద్దు చెయ్యగలదు. ఆ కమిషనర్ని పంపేదీ రాష్ట్రమే, బదిలీ చేసేదీ రాష్ట్రమే. రేపు పొద్దున జీవో వస్తే సాయంత్రానికి సామాను సర్దుకోవాల్సిందే. ఇక ఆయన ఎవరి మొహం చూస్తారు, మేయర్ మొహమా, అమరావతి మొహమా?

మీ పెదనాన్న ఉండే డాలస్‌లో ఇంకోలా ఉంటుంది. అక్కడా మేయర్ వేరు, పని చేయించేవాడు వేరు. అతన్ని సిటీ మేనేజర్ అంటారు. ఒహాయోలో డేటన్ అనే ఊరిని 1913లో వరద ముంచెత్తాక, ఊరిని బాగు చెయ్యడానికి పనితెలిసిన మనిషి కావాలని ఆ మరుసటేడు ఆ పద్ధతికి మళ్ళారు. చెప్పుకోదగ్గ పెద్ద ఊళ్ళలో అదే మొదటిది. తేడా ఒక్కటే. ఆ మేనేజర్ని కౌన్సిలే పెట్టుకుంటుంది, కౌన్సిలే తీసేస్తుంది. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే ఫ్రిస్కోలో కూడా ఇంతే. ఇంకోటి, అక్కడ మామూలు మనిషి పేరు రాసిచ్చి మైకు ముందు నిలబడి రెండు మూడు నిమిషాలు తన గోడు చెప్పుకోవచ్చు, కౌన్సిల్ కూర్చుని వినాలి. మన దగ్గర 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలంది. ఉన్నాయి, కాగితాల మీద.

"చెయ్యెత్తి ఓటెయ్యడం బాగుంటుందా తాతయ్యా, చీటీ మీద వెయ్యడం బాగుంటుందా? మా క్లాసు లీడర్ని చేతులెత్తి ఎన్నుకున్నాం. అందరూ పక్కవాళ్ళని చూసి ఎత్తారు."

మేయర్ ఎన్నిక కూడా మీ క్లాసులాగే. జిల్లా అధికారి వచ్చి కూర్చుంటారు, ఒకరు పేరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, చేతులు లెక్కపెడతారు. సమానమైతే లాటరీ తీస్తారు. పార్టీ విప్ జారీ చేస్తే కాదని ఎత్తినవాడి పదవికే ఎసరు. హైదరాబాదులో 2002లో మేయర్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు, ఆ తర్వాత మళ్ళీ కార్పొరేటర్ల చేతుల్లోకే వచ్చింది. జనం ఎన్నుకున్న మేయరైతే కాస్త గొంతు పెంచి మాట్లాడగలరని నా ఉద్దేశం. పార్టీలకి అది నచ్చదు మరి.

దింపడానికి మాత్రం సగం చేతులు చాలవు, మూడింట రెండు వంతులు కావాలి. 2025 ఏప్రిల్ 19న మనూళ్ళో ఏం జరిగిందో చూడు. ఒక వార్డు ఖాళీగా ఉండి 97 మంది కార్పొరేటర్లు, 14 మంది ఎక్స్ అఫీషియోలు, మొత్తం 111. మూడింట రెండు వంతులెంత?

"డెబ్భై నాలుగు. శేషం లేదు!"

అవిశ్వాసానికి పడ్డ ఓట్లూ సరిగ్గా 74. ఒక్కటి తగ్గితే మేయర్ ఉండిపోయేవారు. ఎవరైనా ఒకరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఈ ఊరి చరిత్ర వేరే! ఆ రాజకీయం సంగతి వదిలెయ్, నాకు ఆ లెక్క మాత్రం భలే నచ్చింది. పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాను.

ఇంకొక లెక్క చెప్పనా, అది అంత సరదాగా ఉండదు. కౌన్సిల్ కాలం ఐదేళ్ళు, అది ముగిసేలోపు ఎన్నికలు పెట్టి తీరాలని రాజ్యాంగంలోనే రాశారు. మన కౌన్సిల్ 2012లో ముగిసింది. తర్వాతి కౌన్సిల్ 2021లో వచ్చింది. తొమ్మిదేళ్ళు ఊరికి సభే లేదు. స్పెషల్ ఆఫీసర్ సంతకమే కౌన్సిల్ తీర్మానం. అదే కాలంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. చెట్లూ స్తంభాలూ రోడ్లన్నీ కప్పేస్తే అధికారులు రాత్రింబవళ్ళు తీయించారు, పని ఆగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. అందుకే కొందరు కౌన్సిల్ లేకపోయినా ఏం నష్టం అంటారు. నేను వాళ్ళతో వాదించి వాదించి అలిసిపోయాను. చెట్టు తియ్యడానికి కౌన్సిల్ అక్కర్లేదు. ఆ తొమ్మిదేళ్ళ ఖర్చుల్లో ఏ వార్డు గెడ్డ ముందు, ఏ వార్డుది వెనక అని పదిమంది ముందు అడిగి, జవాబు మినిట్స్‌లో ఎక్కించేవాడు లేకపోవడమే నష్టం. అడగనివాటికి లెక్క ఉండదు కాబట్టి ఆ నష్టం ఎంతో నేనూ వెయ్యలేను, లెక్కల మాస్టారినైనా సరే.

ఈసారి పేపర్లో కౌన్సిల్ వార్త వచ్చినప్పుడు ఎవరు పోడియం ఎక్కారు, ఎవరు కాగితాలు చింపారు అన్నది వదిలేసి, వార్త అడుగున నాలుగు మాటల కోసం వెతుకు. "ఆమోదం" అంటే ఇక ఫైలు కదులుతుంది. "వాయిదా" అంటే ఎవరో ఒకరు చదివి ప్రశ్న వేశారు, వచ్చే సమావేశంలో అదే నంబరుతోనో మారు పేరుతోనో మళ్ళీ వస్తుంది, కనిపెట్టి ఉండు. "ర్యాటిఫికేషన్" అంటే పని ఎప్పుడో అయిపోయింది, డబ్బు కూడా పోయింది, ఇప్పుడు ఊఁ అనిపించుకుంటున్నారు. ఇక "గందరగోళం మధ్య అజెండా ఆమోదం" అని కనబడిందా, అరుపుల్లో ఎన్ని అంశాలు వెళ్ళిపోయాయో, వాటిలో టేబుల్ అజెండావి ఎన్నో లెక్కపెట్టి నాకు చెప్పు.